మా వయసు వాళ్ళకి రాదనుకున్నది

2018 ఫిబ్రవరి 6, మంగళవారం

సర్పి మళ్ళీ లేచింది. క్రిస్మస్‌కి ముందు కుడివైపు, ఇప్పుడు ఎడమవైపు నడుం మీద. గుడ్డ తగిలితే చాలు, నిప్పు పెట్టినట్టుంది. మా ముసలి డాక్టరు మోకాలి ఆపరేషన్ చేయించుకుని సెలవులో ఉన్నాడు. ఆయన బదులు ఎవరో కుర్ర డాక్టరమ్మ వచ్చింది. బరువు చూసి, నాలుక చూసి, "ఇంత తగ్గిపోయారేంటి మిస్ డెలోయిస్?" అంది. ముసలాయనైతే "వయసమ్మా" అని పంపేసేవాడు. ఈ పిల్ల సీసాల మీద సీసాలు రక్తం తీయించింది. అరవై మూడేళ్ళ ఒంట్లో అంత రక్తం ఉంటుందని నాకే తెలియదు.

నేను సన్నబడ్డానని మా ఇర్మాకి ఒకటే అసూయ. ఆదివారం క్వయర్‌లో పాటకి నిలబడినప్పుడు నా గౌను వెనకనుంచి పట్టుకు లాగి, "ఇందులో ఇంకో మనిషి పడుతుందే" అంది. ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్ళు నా పక్కనే నిలబడి చేపలు కోసింది, చర్చిలో నా పక్కనే నిలబడి పాడుతుంది. ఆ నోరు ఎక్కడా ఆగదు.

సాయంత్రం ఆమోస్ మాంసం కూరిన టమాలీల పొట్లం తెచ్చాడు. ట్రక్కు ఎప్పటిలాగే చర్చి వెనక సందులో పెట్టి నడిచొచ్చాడు. రెండేళ్ళు దాటింది, ఇంకా దొంగల్లాగే. మొక్కజొన్న ఆకు విప్పుతూ, "పెళ్ళి చేసుకుంటే ఊరు వారం రోజులు మాట్లాడుకుంటుంది, తర్వాత మర్చిపోతుంది డెలో" అన్నాడు. నవ్వేసి ఊరుకున్నాను. పోయిన మా ఆయన ఎజెల్ ఆ చర్చికి పెద్ద. నేను అందరికీ ఇంకా "డీకన్ గారి భార్య"నే. పైగా క్వయర్‌లో లోతు గొంతుతో బేస్ పాడే మగాడు ఆమోస్ ఒక్కడే. మా సంగతి బయటపడితే ఆడవాళ్ళు పాట మానేసి మమ్మల్నే చూస్తారు.

ఫిబ్రవరి 13, మంగళవారం

నర్సు ఫోన్ చేసి రమ్మంది. ఏమిటో ఫోన్‌లో చెప్పనంది. సుగర్ అనుకుంటూ వెళ్ళాను.

డాక్టరమ్మ తలుపు వేసి చెప్పింది. పేరు సరిగ్గా చూడండి అన్నాను. చూసింది. పుట్టిన తేదీ చూడండి అన్నాను. అదీ చూసింది.

హెచ్.ఐ.వి. ఒక్కసారి రాశాను. ఇక రాయను.

ఫ్యాక్టరీ భోజనాల గదిలో టీవీ ఉండేది. అందులో ఎక్కడో న్యూయార్క్, కాలిఫోర్నియా. బక్కచిక్కిన తెల్ల కుర్రాళ్ళు, మంచం పక్కన చెయ్యి పట్టుకుని ఇంకో కుర్రాడు. మేం "అయ్యో" అనుకుని చానెల్ మార్చేవాళ్ళం. ఆ జబ్బుకీ మా మిసిసిపీ పత్తి పొలాలకీ ఏం సంబంధం? అది ఎప్పుడు బయల్దేరింది, ఏ దారిన వచ్చింది, నా ఇల్లు దానికెవరు చూపించారు?

"ఇప్పుడు ఇది ఎక్కువగా మన దక్షిణాదిలోనే వస్తోందమ్మా. మీలాంటి ఆడవాళ్ళకి కూడా" అంది డాక్టరమ్మ.

"నాలాంటి అంటే?" అన్నాను.

ఆ పిల్ల మొహం కందిపోయింది. పాపం, తప్పుగా అనలేదు. అయినా ఊరుకోలేకపోయాను.

ఫిబ్రవరి 14

రక్తం సీసాలు తారుమారు చేసి ఉంటారు.

ఫిబ్రవరి 16

ఒకటి తట్టింది. కోత లైన్‌లో చెయ్యి తెగని రోజు ఉండేది కాదు. ఐసు నీళ్ళలో తెగితే నొప్పి కూడా తెలియదు, గ్లవ్ ఎర్రబడితే చూసుకునేవాళ్ళం. ఒకరి కత్తి ఒకరు తీసుకునేవాళ్ళం. ఎవరి రక్తం ఎవరికి అంటుకుందో. ఇర్మా చూపుడువేలు చివర ఇప్పటికీ లేదు. అక్కడే వచ్చి ఉంటుంది. ఇంకెక్కణ్ణుంచి వస్తుంది? నా జన్మలో ఇద్దరే మగాళ్ళు. ఒకడు డీకన్, ఒకడు ఆమోస్.

ఫ్యాక్టరీలోనే.

ఫిబ్రవరి 20, మంగళవారం

ఆమోస్ వచ్చాడు. సర్పి మంటగా ఉందని మెట్ల మీదనుంచే పంపేశాను. "మందు రాయనా?" అన్నాడు. వద్దన్నాను. పొట్లం రెయిలింగ్ మీద పెట్టి వెళ్ళాడు.

ఫిబ్రవరి 28

రెండో పరీక్షలోనూ అదే. జాక్సన్‌లో దీనికోసమే క్లినిక్ ఉందట, అక్కడికి వెళ్ళమన్నారు. మన ఊరి మందులషాపులో మాత్రం ఏమీ కొనను. ఆ కౌంటర్ దగ్గర అమ్మాయి మా సండే స్కూల్లో చదివింది.

మార్చి 8, గురువారం

క్లినిక్‌లో తల వంచుకుని కూర్చున్నాను. టీవీలో చూసిన కుర్రాళ్ళు ఉంటారనుకున్నాను. కాసేపటికి తలెత్తి చూస్తే దాదాపు అందరూ మా నల్లవాళ్ళే. ఒకావిడ పెద్ద టోపీ పెట్టుకుని ఆరాధనకి వచ్చినట్టే వచ్చింది. ఒక పిల్లాడు తల్లి పక్కన కూర్చుని ఫోన్ నొక్కుకుంటున్నాడు. ఒకమ్మాయి ఒళ్ళో బిడ్డ నిద్రపోతోంది. నా వయసు ఆడవాళ్ళు ఇద్దరు, ఒకరినొకరు చూడకుండా గోడ చూస్తున్నారు. టీవీలో వాళ్ళలాంటి తెల్లాయన ఒకే ఒక్కడు. ఆయనకీ జుట్టు నెరిసింది. నా పక్క కుర్చీ ఆయనదే.

"మొదటిసారా?" అన్నాడు.

"కీళ్ళనొప్పులకి వచ్చాను" అన్నాను.

"నేనూ అంతే. ఇరవై ఏడేళ్ళుగా కీళ్ళనొప్పులే" అన్నాడు.

నవ్వొచ్చింది. నెల రోజుల్లో మొదటిసారి.

పేరు గ్రేడీ. కుర్రతనంలో ఇల్లొదిలి శాన్‌ఫ్రాన్సిస్కో పోయి, తొంభై ఒకటిలో చచ్చిపోవడానికి అమ్మ దగ్గరికి తిరిగొచ్చాడట. కొడుకు కోసం ఆవిడ శ్మశానంలో స్థలం కూడా కొనిపెట్టింది. ఇప్పుడు అందులో ఆవిడే ఉంది. "నేను మాత్రం గడ్డి కోసి వస్తుంటాను" అన్నాడు.

తర్వాత గది నలుమూలలా చూసి, "అప్పట్లో ఈ కుర్చీల నిండా నాలాంటి వాళ్ళేనండీ. ఒక్కో కుర్చీ ఖాళీ అవుతూ వచ్చింది. నేనూ పోతే దుకాణం మూసేస్తారనుకున్నా. మందులొచ్చాయి, బతికాను. చూస్తుండగానే కుర్చీలు మళ్ళీ నిండాయి. ముందు సూదులు పొడుచుకునేవాళ్ళు. తర్వాత మీ కుర్రాళ్ళు. తర్వాత మీ ఆడవాళ్ళు. ఇప్పుడు నెరిసిన జుట్టువాళ్ళు. ఒక్కోసారి నేనే ఇక్కడ చుట్టంలా ఉంటాను" అన్నాడు.

"మా వాళ్ళు అలాంటి వాళ్ళు కారు" అన్నాను.

"మా అమ్మ కూడా సరిగ్గా అదే అంది" అన్నాడు. గొంతులో కోపం లేదు. నాకే ఎటు చూడాలో తెలియలేదు.

నర్సు పేరు యోలాండా. రోజుకొక మాత్ర, జన్మంతా. మానకుండా వేసుకుంటే నేను చచ్చేది దీనివల్ల కాదట. "మరి దేనివల్ల?" అంటే, "మీ వంటింట్లో ఆ పందికొవ్వు వల్ల" అంది. ఫ్యాక్టరీ కత్తుల సంగతి చెప్పాను. ఓపిగ్గా వింది. గాలి తగిలాక, నీళ్ళలో పడ్డాక అది అలా బతకదంది. దాదాపు ఎప్పుడూ మనిషి నుంచి మనిషికి, ఎలా వస్తుందో ఆ దారినే వస్తుందంది.

ఆ మనిషి పేరు అడిగింది. దారిన పోయే లారీ డ్రైవరు, పేరు గుర్తులేదు అన్నాను. డీకన్ గారి భార్యని. లారీ డ్రైవరన్నాను.

మార్చి 9

మాత్ర వేసుకున్నాను. విటమిన్ల సీసాలో పోసి పెట్టాను.

మార్చి 10

వేసుకున్నాను.

ఏప్రిల్ 1, ఈస్టర్

ఆమోస్ ఒక చరణం ఒక్కడే పాడాడు. బల్లలు అదిరాయి. మధ్యలో దగ్గు వచ్చి ఆగాడు, మళ్ళీ అందుకున్నాడు. కాలరు మెడ చుట్టూ వదులుగా ఉంది. కొత్త చొక్కా అయి ఉంటుంది.

ఏప్రిల్ 17, మంగళవారం

చెప్పేద్దామనే రమ్మన్నాను. వచ్చీ రాగానే వాకిట్లో కదులుతున్న మెట్టు చూసి సుత్తి పట్టుకున్నాడు. మేకులు కొడుతున్నంతసేపూ నోట్లో మాటలు కూర్చుకున్నాను. లేచి చేతులు దులుపుకుంటూ, "ఇక చెప్పు. నేనేం తప్పు చేశాను?" అన్నాడు.

"ఏమీ లేదు. ఇక రావద్దు" అన్నాను.

చెప్పాల్సింది ఇది కాదు. నోట్లోంచి వచ్చింది ఇదే.

సుత్తి తీసుకుని వెళ్ళిపోయాడు. మనసులో ఎక్కడో కాస్త నిమ్మళంగా కూడా ఉంది. రాకపోతే చెప్పే పని ఉండదు కదా.

మే 13, ఆదివారం

మదర్స్ డే. ఆరాధన తర్వాత ఇర్మా ఇంట్లో భోజనం. టీ గ్లాసు చేతికిచ్చి, "ఒసే, ఒకటి చెప్తాను. గావుకేక పెట్టకూడదు" అంది.

"నువ్వు పెట్టకపోతే చాలు."

"నాకొక మనిషి దొరికాడే."

"ఎవరు?"

"మన బేస్ గొంతు" అంది. పదహారేళ్ళ పిల్లలా రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది.

గ్లాసు బల్ల మీద పెట్టాను. నెమ్మదిగా పెట్టాను. అది బాగా గుర్తుంది.

"ఎంతదాకా వచ్చింది?" అన్నాను.

"ఎంతదాకా ఏంటే? అరవై నాలుగేళ్ళదానికి దారిలో ఆగి రోడ్డు చూసే తీరిక ఉంటుందా?" అని పగలబడి నవ్వింది. "ఒకటి మాత్రం హాయి తల్లీ. ఈ వయసులో కడుపొస్తుందన్న భయం లేదు. ఆ తొడుగుల గోల లేదు. నేను షాపుకెళ్ళి అవి అడిగితే కౌంటర్ దగ్గర పిల్ల కళ్ళు తిరిగి పడిపోతుంది."

నేనూ నవ్వాను. నిజంగానే నవ్వాను. ఇంటికొచ్చాక దవడలు నొప్పి.

మే 14

ఆమోస్‌కి ఏమీ లేదు. నాకు ఫ్యాక్టరీలో వచ్చింది.

మే 15

ఆమోస్‌కి ఏమీ లేదు.

మే 19

ఉంటే అతనే చెప్పేవాడు. అలాంటి మనిషి కాదు దాచడానికి.

మే 23, బుధవారం

పొద్దున ఇర్మా ఇంటి మీదుగా పోతూ చూశాను. ఆమోస్ ట్రక్కు వాకిట్లో ఉంది. నడివాకిట్లో, అందరికీ కనిపించేలా. నా దగ్గరికొస్తే సందులో పెట్టేవాడు. సందులో పెట్టమన్నది నేనే. అయినా ముందు కోపమొచ్చింది ట్రక్కు మీదే. జబ్బు సంగతి మలుపు తిరిగాక గుర్తొచ్చింది. ఏది ముందు వచ్చిందో రాసి పెట్టుకుంటున్నాను, రేపు నేను పుణ్యాత్మురాలినని అనుకోకుండా.

మే 24, గురువారం

జాక్సన్. నా రక్తంలో అది కనిపించనంతగా తగ్గిపోయిందట. మాత్ర మానకుండా ఉంటే నా నుంచి ఎవరికీ అంటదట. యోలాండా నన్ను కౌగిలించుకుంది. నేను కొయ్యలా నిలబడ్డాను.

"లారీ డ్రైవరు కాదు" అన్నాను. పేరు చెప్పాను. ఆమోస్ టిల్లరీ.

"మేం పిలిపిస్తాం. మీ పేరు రాదు" అంది.

"అతనిప్పుడు ఇంకొకరి దగ్గరికి వెళ్తున్నాడు. ఆవిడకి ఎవరు చెప్తారు?"

"ఆయన వచ్చి ఆవిడ పేరు చెబితే, మేమే."

"రాకపోతే?"

యోలాండా పెన్ను మూత పెట్టింది, తీసింది.

మే 26, శనివారం

ఇర్మా సింకులో కొలార్డ్ ఆకుకూర కడుగుతోంది. నేను కూర్చోలేదు.

"నువ్వు ఒక రక్తపరీక్ష చేయించుకోవాలి" అన్నాను.

"మొన్నేగా సుగర్ చూశారు."

"సుగర్ కాదు." ఆ మూడక్షరాలూ బయటికి అన్నాను. వంటింట్లో అంటే ఇంకా పెద్దగా వినబడ్డాయి.

"నాకెందుకే అది?"

"ఆమోస్ అంతకుముందు నా దగ్గరికి వచ్చేవాడు. రెండేళ్ళు పైనే."

ఇర్మా వెనక్కి తిరగలేదు. నీళ్ళు అలా పోతూనే ఉన్నాయి.

"రెండేళ్ళు నా భుజానికి భుజం ఆనించి పాడావు. ఒక్క ముక్క చెప్పలేదు" అంది.

"చెప్పలేదు."

"ఇప్పుడు నాకు దొరికాక చెప్తున్నావు."

"దానికోసం కాదే…"

"పోగొట్టుకున్న మగాడి కోసం ఏడుస్తారు, తిట్టుకుంటారు. ఇలా ఎక్కడైనా చేస్తారా? అంత పెద్ద రోగం తీసుకెళ్ళి అతని నెత్తిన రుద్దుతావా?"

"అతని నెత్తిన కాదు. నాకుంది ఇర్మా. నాకు."

అప్పుడు తిరిగింది. నన్ను చూసింది. తర్వాత నా చెయ్యి ఆని ఉన్న బల్లని చూసింది.

"వెళ్ళిపో" అంది.

మే 27

క్వయర్‌లో ఇర్మా హెచ్చు స్వరాలు పాడే సోప్రానోల్లోకి మారింది. ఆ స్వరాలు దాని గొంతుకి ఏ జన్మలోనూ అందవు. అయినా అక్కడే నిలబడింది.

జూన్ 3, ఆదివారం

చర్చి హాల్లో అందరి భోజనాలు. వెళ్ళకూడదనుకున్నాను. వెళ్ళకపోతే నిజమే అన్నట్టవుతుందని చిలగడదుంప కూరిన తీపి రొట్టె చేసి పట్టుకెళ్ళాను. బల్ల చివర పెట్టాను. అందరికీ తెలిసిపోయి ఉంటుంది. చర్చిలో అందరికంటే పెద్దావిడ సిస్టర్ హాటీ నా వైపు అదోలా చూసింది. పాస్టర్ గారి భార్య పలకరించి వెంటనే పక్కకి తిరిగింది. పిల్లల్ని ఎవరో గట్టిగా వెనక్కి పిలిచారు. ఎవరు ముట్టుకుంటారు నా చేతి వంట? ఆ రొట్టె అలాగే, కత్తి గాటు పడకుండా ఇంటికొస్తుంది, నేను కాలవలో పారేస్తాను అనుకుంటూ బయట మెట్ల మీద కూర్చున్నాను.

అందరూ వెళ్ళాక గిన్నె కోసం లోపలికి వెళ్ళాను. అడుగంటా గీకేశారు. సిస్టర్ హాటీ వచ్చి, "వచ్చేసారి రెండు చెయ్యవే. నాకు ముక్క దొరకలేదు, అందుకే ఇందాకట్నుంచి నీ మీద కోపంగా ఉన్నాను" అంది.

ఇర్మా ఎవరికీ చెప్పలేదు. ఊళ్ళో ఎవరికి కడుపొచ్చినా ముందు తెలిసేది, ముందు చెప్పేది అది. చెప్పలేదు.

కారులో ఆ ఖాళీ గిన్నె ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాను.

జూన్ 12, మంగళవారం

ఆమోస్ మధ్యాహ్నమే వచ్చాడు. ట్రక్కు నా వాకిట్లోనే ఆపాడు. మెట్లెక్కడానికి ఆయాసపడ్డాడు.

"ఆరోగ్యశాఖ వాళ్ళు ఫోన్ చేశారు. ఇర్మా తలుపు తీయడం లేదు. ఏం చెప్పావు నువ్వు నా గురించి?"

"నా గురించి చెప్పాను. నాకు హెచ్.ఐ.వి. ఉంది ఆమోస్."

"నేను అలాంటి మగాణ్ణి కాదు!"

"తెలుసు."

"సూదులు ఎరగను. మగాళ్ళ జోలికి పోను. పెర్ల్ ఉన్నన్నాళ్ళూ… ఒకటి రెండుసార్లు ఎక్కడో అక్కడ కాలు జారి ఉంటుంది. రోడ్లు వేసే పని, వారాల తరబడి ఊరు కాని ఊళ్ళో ఉండేవాణ్ణి. ఏ మగాడు జారలేదు?"

అతను మాట్లాడుతూనే ఆగాడు. తను కొట్టిన మెట్టు మీదే కూర్చున్నాడు.

"పెర్ల్ కూడా ఇలాగే చిక్కిపోయింది" అన్నాడు.

అతని భార్య పెర్ల్ నాకు తెలుసు. ఎనిమిదేళ్ళ కిందట పోయింది, యాభై ఎనిమిదికే. ఊపిరితిత్తులన్నారు. అంత్యక్రియల్లో పంచిన పాటల కాగితం మీద కూడా కొద్దికాలం జబ్బు అనే వేశారు.

"నోట్లో తెల్లగా పూత. ఏం తిన్నా మంట. ఎన్ని ఆసుపత్రులు తిప్పానో! ఎవరూ ఆ పరీక్ష చెయ్యలేదు డెలో. చర్చికెళ్ళే ముసలిదానికి ఎందుకు చేస్తారు? నేనైనా అడగలేదు. నాకేం తెలుసు అడగడానికి?"

తన అరచేతులు చూసుకున్నాడు.

"నేనే ఇచ్చానా దానికి?"

"తెలియదు."

"ఎవరికి తెలుస్తుంది?"

"ఇక ఎవరికీ తెలియదు."

అతన్ని తిట్టాలని ఎన్ని రోజులుగానో కూడబెట్టుకున్న మాటలున్నాయి. అవన్నీ వదిలేసి పక్కన కూర్చున్నాను. భుజం ఎముక చేతికి తగిలింది. ఈస్టర్ నాటి చొక్కా కొత్తది కాదు.

జూన్ 14

నేనే తీసుకెళ్ళాను జాక్సన్‌కి. దారంతా దగ్గుతూనే ఉన్నాడు. క్లినిక్ వాళ్ళు ఇంటికి పంపలేదు, అటునుంచి అటే ఆసుపత్రిలో చేర్చారు. నిమ్ము. రక్తంలో రోగంతో పోరాడే కణాలు దాదాపు లేవట. ఏళ్ళ తరబడి ఒంట్లో ఉండి ఉంటుందట.

ఇంకో నెల ఆగి ఉంటే అన్నాడు డాక్టరు. వాక్యం పూర్తి చెయ్యలేదు.

ఏప్రిల్‌లోనే చెప్పి ఉంటే?

జూన్ 19, మంగళవారం

ఆసుపత్రి గదిలోకి వెళ్ళేసరికి ఇర్మా ఉంది. మంచానికి అటువైపు, ఒళ్ళో సంచీ పెట్టుకుని. ఆమోస్ ముక్కుకి గొట్టం పెట్టుకుని నిద్రపోతున్నాడు. నేను గుమ్మంలోనే ఆగాను.

"అక్కడేం నిలబడ్డావు? ఆ పక్క కూర్చో" అంది.

కూర్చున్నాను. ఇద్దరి మధ్యా ఆమోస్ గురక.

"మొన్న నేనూ చేయించుకున్నాను. ఇప్పటికి లేదన్నారు. మూడు నెలలాగి మళ్ళీ చూస్తారట" అంది.

"మంచిది."

"మంచిదేంటే? ఈ మూడు నెలలూ నాకు నిద్ర పడుతుందా?" ఒళ్ళో సంచీ సర్దుకుంది. "ఆ రోజు నువ్వెళ్ళాక బల్ల బ్లీచింగ్ నీళ్ళతో కడిగాను. మూడుసార్లు. తర్వాత గుర్తొచ్చింది. లైన్‌లో నా వేలు తెగినప్పుడు, అది ఐసులో వెతికి పట్టుకున్నది నువ్వే. జేబురుమాల్లో చుట్టి అంబులెన్స్‌లో నాతో వచ్చావు."

"అతికించలేకపోయారు కదా."

"అది వేరే సంగతి."

ఇంతలో నర్సు వచ్చి, "మీ ఇద్దర్లో ఈయన భార్య ఎవరు?" అంది.

"భార్య పోయింది. మేం క్వయర్" అంది ఇర్మా.

ఆమోస్ కళ్ళు మూసుకునే ఉన్నాడు. పెదవి మాత్రం కదిలింది. దొంగ.

జులై 8

ఆమోస్ ఇంటికొచ్చాడు. కర్ర పట్టుకు నడుస్తున్నాడు.

ఇర్మా సోప్రానోలను వదిలేసి మళ్ళీ నా పక్కకి వచ్చింది. వాళ్ళు దేవుడికి స్తోత్రం చెప్పుకుని ఉంటారు.

ఆగస్టు 23, గురువారం

ఆమోసూ నేనూ ఒకే రోజు జాక్సన్ వెళ్తున్నాం. గ్రేడీ అతన్ని చూసి, "కీళ్ళనొప్పులా?" అన్నాడు. ఆమోస్ చాలాసేపు ఆలోచించి, "కాదు. హెచ్.ఐ.వి." అన్నాడు. గ్రేడీ లేచి కరచాలనం చేశాడు. వచ్చేటప్పుడు కారులో, "అలాంటి మనిషి పక్కన కూర్చుని మాట్లాడటం ఇదే మొదటిసారి. మంచివాడు" అన్నాడు. ఇంకో మైలు పోయాక, "అలాంటి అని నేనెందుకన్నాను?" అన్నాడు.

పెళ్ళి మాట అతను ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఇర్మాతోనూ ఎత్తినట్టు లేదు. ముగ్గురం కలిసి భోంచేస్తాం అప్పుడప్పుడు. దీన్నేమంటారో నాకు తెలియదు.

సెప్టెంబర్ 27, గురువారం

ఇర్మా తలుపు కొట్టకుండానే లోపలికొచ్చింది. "లేదుట" అని కుర్చీలో కూలబడింది. సంతోషపడుతుందనుకున్నాను. వెక్కి వెక్కి ఏడ్చింది.

"నీకెందుకు వచ్చింది? నాకెందుకు రాలేదు? నువ్వు జీవితంలో ఒక్క చెడ్డపని చెయ్యలేదు. నేనేమో, నీకు తెలుసుగా!"

"ఇది పాపాలు చూసి వచ్చేది కాదే."

"మరి ఇన్నేళ్ళు మన పాస్టర్లు అలాగే చెప్పారు కదా" అంది.

ముక్కు తుడుచుకుని, వెంటనే, "మన చర్చిలో మొగుడు పోయిన ఆడవాళ్ళెంతమంది? విడిపోయినవాళ్ళెంతమంది? అందరూ రాత్రిళ్ళు బైబిలు చదువుకుంటూనే ఉన్నారనుకుంటున్నావా? ఒక్కదానికీ ఈ పరీక్ష జరగలేదు. మీ యోలాండాని ఇక్కడికే రమ్మను. క్వయర్ ప్రాక్టీసు రోజు, హాల్లో పెడదాం. అడిగితే నేనే చెప్తాను, నేను చేయించుకున్నానని. నీ పేరు తియ్యను" అంది.

పాస్టర్ గారు ముందు సందేహించాడట. ఇర్మా ఆయనతో ఏం మాట్లాడిందో చెప్పలేదు. ఒప్పుకున్నాడు.

అక్టోబర్ 20, శనివారం

ఇవాళ్టిది ఇవాళే రాయాలి.

హాల్లో యోలాండా, ఇంకో నర్సు. పక్కన సండే స్కూల్ గదిలో ఒక్కొక్కరినీ పిలిచి వేలిమీద చిన్న పోటు, కాసేపాగి ఫలితం చెప్పడం. ఇర్మా పిల్లలకోడిలా అటూ ఇటూ తిరుగుతూ అందర్నీ తోస్తోంది. "నాకెందుకే?" అన్నవాళ్ళకల్లా, "నేను చేయించుకున్నాను. నేను నీకంటే పతివ్రతనా?" అంటోంది. ఆ మాటకి ఎదురులేదు. ఆమోస్ బయట కుర్చీలు సర్దుతున్నాడు. మగాళ్ళు ముగ్గురొచ్చారు, అతనే పట్టుకొచ్చాడు.

ఎనభై ఒక్కేళ్ళ సిస్టర్ హాటీ వరసలో నిలబడింది. అందరూ నవ్వారు. "ఎందుకు నవ్వుతున్నారు? నాకేం కోరికలుండవా?" అంది. ఇంకా నవ్వారు. లోపలికెళ్ళొచ్చి, ఏమీ లేదని చెప్పి, కాస్త నిరాశగా కూర్చుంది.

కాఫీ పోస్తున్న నన్ను చూసి ఎవరో, "డెలోయిస్, నువ్వు చేయించుకోవా?" అన్నారు.

"నాది ఫిబ్రవరిలోనే అయిపోయింది" అన్నాను.

"లేదుగా?"

ఇర్మా అటునుంచి నన్ను చూసి తల అడ్డంగా ఆడించింది. వద్దని.

"ఉంది" అన్నాను.

కాఫీ కూజా ఇంకా చేతిలోనే ఉంది. ఒకామె చేతిలో ఉన్న కప్పు చూసుకుని, పక్క బల్ల మీద పెట్టేసింది. ఒకామె తన సంచీ తీసుకుని గోడవైపు జరిగింది. జరగనీ. నాకూ మొదట్లో నా దగ్గర్నుంచి నేనే జరిగిపోవాలనిపించింది. సిస్టర్ హాటీ మాత్రం కప్పు ముందుకు చాపి, "ఉంటే ఉంది, కాఫీ ఏం చేసింది? పొయ్యవే" అంది. పోశాను. కాస్త ఒలికింది. తుడిచింది.

అయిపోవచ్చేసరికి సండే స్కూల్ గది తలుపు తెరుచుకుంది. యోలాండా వరసని పిలవలేదు. నా వైపు చూసి, "మిస్ డెలోయిస్, ఆవిడ మిమ్మల్ని రమ్మంటోంది" అంది.

లోపల ఎవరున్నారో రాయను. ఇది నేను తప్ప ఎవరూ చదవరు. అయినా రాయను.

పిల్లలు కూర్చునే చిన్న కుర్చీలో కూర్చుని ఉంది, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా. నేనూ ఒక చిన్న కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఇంకో పరీక్ష చేసి గట్టి చేసుకుంటారని, మందు ఉందని యోలాండా అప్పటికే చెప్పిందట. ఆవిడ చెవికి అదేదీ ఎక్కలేదు. నన్నే చూస్తోంది. నేనంటే నా మొహం, చేతులు, బూట్లు, అన్నీ. ఇది ఉన్న మనిషి ఎలా ఉంటుందో చూస్తోంది.

చివరికి, "రేపు ఆరాధనకి మనవరాలికి జడలు వెయ్యాలి. వెయ్యొచ్చా?" అంది.

"వెయ్యొచ్చు" అన్నాను.

"దువ్వెన గుచ్చుకుంటే? వేలు గానీ తెగితే?"

"కట్టు కట్టుకుని వెయ్యి. పాప ఎన్ని జడలు అడిగితే అన్నీ వెయ్యి."

తల ఊపింది. లేవలేదు. నేనూ లేవలేదు. హాల్లో ఇర్మా అందర్నీ ప్రాక్టీసుకి లేపుతోంది. బేస్ గొంతు స్వరం చూసుకుంటోంది, పాతంత బలం లేదు కానీ ఆ గొంతే. నా స్థానం ఖాళీగా ఉంచి పాట మొదలుపెట్టారు. పెట్టనీ అనుకున్నాను. ఆవిడ చెయ్యి నా చేతిలో ఉంది.